ఫ్రిజ్‌కి పండగ లేదు

(మా ఊరి గ్రంథాలయంలో శ్రావణమాసం మొదటి ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. మాట్లాడినావిడ కోనసీమలో, గోదావరి పాయల మధ్య ఉండే లంక గ్రామాల్లో ఏఎన్ఎంగా, అంటే ఇంటింటికీ తిరిగే ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తగా పనిచేసి రిటైరయ్యారు. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఆవిడ మాటే.)

అందరికీ నమస్కారమండి. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలున్నాయి. ఆ ఫ్యాను కొంచెం తగ్గించు బాబూ, మైకులో గాలి మోత వస్తోంది. ఆ, చాలు.

ముందు ఒక ప్రశ్న అడుగుతాను, మొహమాటం లేకుండా చేతులెత్తండి. మీ ఇంట్లో ఫ్రిజ్ ఖాళీ చేసి, అరలు బయటికి తీసి కడగడం ఎన్నాళ్ళకోసారి? వారానికోసారి? సరే. పదిహేను రోజులకోసారి? చాలామందే ఉన్నారు. నెలకోసారి? ఎక్కువమంది ఇక్కడే ఉన్నారు. బాగుంది, చేతులు దించండి. ఇప్పుడు అదే ప్రశ్న ఇంకోలా అడుగుతాను. చివరిసారి ఎప్పుడు కడిగారు? తారీఖు అక్కర్లేదు. ఏ పండగ ముందో, ఎవరొచ్చిన రోజో, ఆ రోజు ఇంట్లో ఏం వండారో, ఏదో ఒక గుర్తు చెప్పండి చాలు.

హాలంతా నిశ్శబ్దం. ఆ కిటికీ పక్కనున్న అమ్మాయి ఏదో అంది, మీకు వినపడిందా? సంక్రాంతికి కడిగానండీ, అంది. ఇప్పుడు శ్రావణం నడుస్తోంది. అంటే ఏడు నెలలు. ఆ అమ్మాయి ఇందాక నెలకోసారి అన్నప్పుడు చెయ్యెత్తింది, నేను చూశాను. తల దించుకోకు అమ్మా. ఈ హాల్లో నిజం చెప్పింది నువ్వొక్కదానివే, నేను మాట్లాడటానికి వచ్చింది కూడా దీని గురించే. మనం ఎన్నాళ్ళకోసారి చేస్తున్నాం అనుకుంటాం, నిజంగా ఎన్నాళ్ళకోసారి చేస్తాం. ఈ రెండూ ఒకటి కావు. ఎందుకు కావో, దానివల్ల మనకి ఎక్కడ నష్టం వస్తోందో, ఎక్కడ ఏ నష్టమూ లేదో చెప్పాలని వచ్చాను.

నేను ముప్పై ఏళ్ళు సంచి భుజాన వేసుకుని తిరిగినదాన్ని. పడవ దాటి, ఏటిగట్టు మీద నడిచి, కొబ్బరితోటల్లోంచి ఇంటింటికీ వెళ్ళేదాన్ని. మా ఉద్యోగంలో శుక్రవారం డ్రై డే. వారానికొక్కసారి ఇంట్లో నీళ్ళు నిలవుండే ప్రతి పాత్రా ఖాళీ చేయించి, తోమించి, ఆరబెట్టించాలి. నేను వెళ్ళి పెరట్లో నీళ్ళ తొట్టిలోకి టార్చిలైటు వేసి చూసేదాన్ని. "తొట్టి ఎప్పుడు కడిగావమ్మా?" అంటే "మొన్ననే కదండీ" అనేవారు. తొట్టిలో చూస్తే తోకపురుగులు, అంటే దోమ పిల్లలు, గిలగిలా కొట్టుకుంటూ ఉండేవి, వాటి మధ్య కామా ఆకారంలో ప్యూపాలు, అంటే ఇంకాస్తలో దోమలుగా మారబోయేవి. ఆ ప్యూపా కనపడిందంటే ఆ తొట్టి సరిగ్గా తోమి తక్కువలో తక్కువ ఐదారు రోజులైనా అయుండాలి. మొన్న కడిగిన తొట్టిలో అది ఉండటానికి వీల్లేదు.

మొదట్లో కోపం వచ్చేదండి. ఇంత చెబుతుంటే అబద్ధం ఆడతారేమిటి అని. రెండు మూడేళ్ళు పోయాక అర్థమైంది, వాళ్ళు అబద్ధం ఆడట్లేదు. "వారానికోసారి కడుగుతాను" అన్న మాటలో వాళ్ళ ఉద్దేశం ఉంది, లెక్క లేదు. నేను ఇలాంటి ఇల్లాలిని, నా ఇల్లు ఇలా ఉండాలి అనుకుంటున్నాను, అని చెబుతున్నారన్నమాట. పైగా అడిగేది ఎవరు? సర్కారు సంచి వేసుకుని వచ్చిన మనిషి. గుమ్మంలోకి రాగానే "ఎన్నాళ్ళకోసారి కడుగుతారు" అని అడిగితే, మంచి మార్కులు వచ్చే జవాబే చెబుతారు కదా ఎవరైనా? మీరైతే ఏం చెప్పేవారు? నా ఇంటికి ఎవరైనా వచ్చి అలా అడిగితే నేనూ అదే చెప్పేదాన్ని.

అప్పుడు ప్రశ్న మార్చాను. తొట్టి కడిగిన రోజు ఇంట్లో ఏం కూర? ఆ రోజు కరెంటు ఉందా? ఎవరైనా వచ్చారా? అంతే, జ్ఞాపకం తన్నుకొచ్చేది. ఒక పెద్దావిడ కాసేపు ఆలోచించి, "మా తమ్ముడొచ్చాడమ్మా, రొయ్యల ఇగురు చేశాను, మర్నాడు అట్లతద్ది" అంది. అంటే పన్నెండు రోజులు. ఆవిడే ఆశ్చర్యపోయింది, పన్నెండు రోజులైందా అని. నేను కోప్పడాల్సిన పనే లేకపోయింది, ఆవిడే లేచి చెంబు తీసుకుని తొట్టి తోడటం మొదలుపెట్టింది.

ఇది నా సొంత తెలివి అనుకునేదాన్ని. కాదు, పెద్ద పెద్ద సర్వేలు చేసేవాళ్ళకీ ఈ సంగతి తెలుసు. 2019లో జాతీయ గణాంక కార్యాలయంవాళ్ళు దేశమంతటా టైమ్ యూజ్ సర్వే చేశారు, అంటే మనుషులు రోజులో ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తారో లెక్క. వాళ్ళు "మీరు రోజూ ఇల్లు తుడుస్తారా" అని అడగరు. నిన్న తెల్లవారుజామున 4 గంటల నుంచి ఇవాళ తెల్లవారుజామున 4 గంటల వరకూ ఏం చేశారో అరగంట అరగంట చొప్పున చెప్పమంటారు. నాలుగింటికి ఎందుకు మొదలుపెడతారో మన ఆడవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, ఆ వేళకి లేచి వాకిట్లో కళ్ళాపి చల్లేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు.

ఆ లెక్కలో ఏం తేలిందో వినండి. ఇంట్లోవాళ్ళ కోసం జీతం లేకుండా చేసే పనులు, అంటే వంట, అంట్లు, తుడవడం, బట్టలుతకడం, ఇవన్నీ కలిపి. ఆడవాళ్ళలో నూటికి 81 మంది ఆ రోజు ఆ పనులు చేశారు, మగవాళ్ళలో నూటికి 26 మంది. చేసిన ఆడవాళ్ళకి సగటున 299 నిమిషాలు పట్టింది, చేసిన మగవాళ్ళకి 97. 299 నిమిషాలంటే ఐదు గంటలకి ఒక్క నిమిషం తక్కువ. మళ్ళీ 2024లో అదే సర్వే చేశారు. ఆడవాళ్ళకి 289, మగవాళ్ళకి 88. ఐదేళ్ళు గడిచాయి, మిక్సీలొచ్చాయి, వాషింగ్ మెషీన్లొచ్చాయి, ఆడవాళ్ళకి తగ్గింది పది నిమిషాలు. మగవాళ్ళకి కూడా తొమ్మిది నిమిషాలు తగ్గింది.

ఇక్కడున్న తమ్ముళ్ళని, బాబాయిలని దెప్పడానికి చెప్పట్లేదండి ఇది. మీరు అసలేం చేయరని నేను అనను. అటక మీద సామాను దించేది మీరే, మేడ మీద ట్యాంకు కడిగేది మీరే, గోడలకి సున్నం వేయించేది మీరే. కానీ ఒక్కటి గమనించండి. మగవాళ్ళ చేతిలో ఉన్న పని ఆర్నెల్లకో ఏడాదికో వచ్చేది, ఆడవాళ్ళ చేతిలో ఉన్నది పొద్దున్నే లేవగానే ఎదురయ్యేది. పొద్దున్నే ఎదురయ్యేది ఎవరూ మర్చిపోలేరు, అంట్లు గిన్నెలోంచి తొంగి చూస్తూనే ఉంటాయి. ట్యాంకు మేడ మీద ఉంటుంది, కనపడదు. మీ ట్యాంకు చివరిసారి ఎప్పుడు కడిగారు? ఇందాకటిలా గుర్తు చెప్పండి. ఎవరూ మాట్లాడరేం? ఆ వెనకాల తమ్ముడు నిజం చెప్పాడు, గృహప్రవేశానికి అన్నాడు. గృహప్రవేశం అయ్యి ఎన్నేళ్ళైంది తమ్ముడూ? నాలుగేళ్ళా. ఆ నీళ్ళతోనే పిల్లలు నోరు పుక్కిలిస్తున్నారు. దీని దగ్గరికి మళ్ళీ వస్తాను.

అసలు మన డెల్టాలో ఇల్లు శుభ్రం చేసుకోవడానికి ఒక లెక్క ఉండేదండి, ఆ లెక్క క్యాలెండర్లో ఉండేది కాదు, పండగల్లో ఉండేది. పాచిపని రోజూ. సంధ్యదీపం పెట్టేలోపు మరోసారి చీపురు, దీపం పెట్టాక చీపురు పట్టకూడదనేవారు. గురువారం సాయంత్రం గడపలు కడిగి శుక్రవారానికి పసుపు. పండగ ముందు ఇల్లు అలకడం. శ్రావణమాసం ముందు, దసరా ముందు, సంక్రాంతి ముందు బూజులు దులపడం. ధనుర్మాసంలో ముగ్గుల కోసమని వాకిలంతా చదును. వేసవిలో కాలువలు కట్టేసి నూతుల్లో నీళ్ళు అడుగంటినప్పుడు పూడిక తీయించేవారు. ఇత్తడి బిందెలు చింతపండుతో తోమడానికి ఒక రోజు, పరుపులు, దిళ్ళు ఎండలో వేయడానికి ఒక ఎండ. మా అమ్మమ్మని "ఎన్నాళ్ళకోసారి" అని అడిగితే ఆవిడకి ప్రశ్నే అర్థమయ్యేది కాదు. పండగొస్తోంది కదా, అనేది.

ఆ లెక్క ఇప్పటికీ పనిచేస్తోంది, ఇది నేను కళ్ళారా చూసిన సంగతి. ఎంత పనుల్లో ఉన్నా, రొయ్యల షెడ్డుకి వెళ్ళి రోజంతా నిలబడి తలలు తీసి వచ్చే ఆడపిల్ల కూడా సంక్రాంతి ముందు బూజుకర్ర పడుతుంది. మరి ఏవి జరగట్లేదు? పండగ లేనివి. ఫ్రిజ్‌కి పండగ లేదు. మేడ మీద ప్లాస్టిక్ ట్యాంకుకి పండగ లేదు. ఏసీ లోపలి జాలీకి లేదు, కూలర్‌కి లేదు, మిక్సీ జారు మూతలో ఉండే రబ్బరుకి లేదు, ఆ రబ్బరు ఒకసారి ఊడదీసి చూడండి, నల్లగా బూజు పట్టి ఉంటుంది. సెప్టిక్ ట్యాంకుకి లేదు. ఇవన్నీ అమ్మమ్మ కాలంలో లేవు, కాబట్టి వాటిని ఏ పండగకీ ముడివేసి మనకి ఎవరూ అప్పజెప్పలేదు. మన ఆడవాళ్ళు బద్ధకిస్టులై కాదు, కొత్త సామాను ఇంట్లోకి వచ్చింది కానీ దానికో రోజు రాలేదు. నాకు ఇది తట్టినప్పుడు చాలా బాధ తగ్గిందండి. ఎంతమంది ఆడపిల్లలు "నాకు ఇల్లు పెట్టుకోవడం చేతకాదు" అని కుమిలిపోతున్నారో నేను చూశాను.

ఒక సంగతి చెబుతాను. ఊరి పేరు వద్దు. బాలింతని చూడటానికి వెళ్ళాను, బిడ్డ పుట్టి పన్నెండు రోజులు. నేను గుమ్మంలో చెప్పులు విడిచేలోపు ఆ పిల్ల లేచి చీపురు పట్టుకుంది. కుట్లు పచ్చిగా ఉన్నాయి. "ఇల్లంతా ఎలాగో ఉంది మేడమ్, ఏమీ అనుకోకండి" అని ఏడ్చేసింది. నేను వెళ్ళింది బిడ్డ బరువు చూడటానికి, తల్లికి జ్వరం ఉందేమో చూడటానికి. నేల మీద చెత్త చూడటానికి కాదు. చీపురు లాక్కుని మూల పెట్టి కూర్చోబెట్టాను. ఆ పిల్లకి ఎవరు నేర్పారు, కుట్ల నొప్పి కంటే చెత్త ఎక్కువ సిగ్గని? మనమే నేర్పాం. "ఇల్లు చూసి ఇల్లాలిని చూడు" అంటూ నేర్పాం. ఇక్కడ అత్తగార్లు ఉన్నారు, మీ కాళ్ళకి దణ్ణం పెడతాను, బాలింత ఉన్న ఇంట్లో ఆ సామెత తీసి అటక మీద పెట్టండి.

అందుకే ఏది రోజు లెక్కన చేయాలో, ఏది చేయకపోయినా ప్రాణం మీదికి రాదో విడదీసి చెప్పాలని ఉంది. అన్నీ ఒకే బరువు అనుకోవడం వల్లే, చేయాల్సినది వదిలేసి కనపడేది చేస్తున్నాం. చుట్టాలొస్తున్నారంటే హాలు తుడుస్తాం, సోఫా మీద గుడ్డ మారుస్తాం. చుట్టాలు ఫ్రిజ్ వెనక్కి వెళ్ళి చూడరు కదా. దోమ చూస్తుంది.

మొట్టమొదటిది అదే, నిలవ నీళ్ళు. ఇది ఖచ్చితంగా వారానికోసారే. ఎందుకు వారమే? డెంగీ తెచ్చే ఈడిస్ దోమ గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి రెక్కలొచ్చి ఎగరడానికి మన వేడిలో ఏడు నుంచి పది రోజులు పడుతుంది. ఏడో రోజు లోపల ఆ నీళ్ళు పారబోస్తే పురుగు పురుగుగానే పోతుంది, పదకొండో రోజున పారబోస్తే ఉత్త నీళ్ళే పారబోసినట్టు, దోమ అప్పటికే మీ మంచం కింద ఉంటుంది. ఇక్కడ నెలకోసారి బాగా తోమాను అంటే చెల్లదు. మన దగ్గర చాలామంది పొరపాటు ఒకటుంది. దోమ అనగానే మురుగుకాలవ చూపిస్తారు. బోదకాలు తెచ్చే క్యూలెక్స్ దోమ మురుగులో పెరుగుతుంది, నిజమే, మన గోదావరి జిల్లాల్లో బోదకాలు ఎంతమందిని కుంటిచేసిందో మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి తెలుసు. కానీ డెంగీ దోమకి మంచినీళ్ళు కావాలి, శుభ్రంగా ఉన్న నీళ్ళు, మీరు మూత పెట్టకుండా ఉంచిన తొట్టి, పెరట్లో వాడకుండా పడేసిన రోలు, కొబ్బరి చిప్పలు, పూలకుండీ కింద పళ్ళెం, పాత టైరు, వాన పడ్డాక కూలర్. కోనసీమలో కొబ్బరి చిప్పకి కొదవా? ఒక్క చిప్పలో గుక్కెడు నీళ్ళు చాలు దానికి.

ఇంకో మాట, ఇది చాలా ముఖ్యం, రాసుకునేవాళ్ళు రాసుకోండి. ఆ దోమ గుడ్లు నీళ్ళలో పెట్టదు, నీటి అంచుకి కొంచెం పైన, తొట్టి గోడకి అంటిస్తుంది. ఆ గుడ్లు నీళ్ళు లేకపోయినా నెలల తరబడి బతికుంటాయి. మళ్ళీ నీళ్ళు పోసినప్పుడు పగులుతాయి. కాబట్టి నీళ్ళు పారబోసి మళ్ళీ నింపితే కడిగినట్టు కాదు, పీచు పెట్టి గోడలు గట్టిగా రుద్దాలి. నేను చూసిన తొట్టెల్లో సగం తప్పు ఇక్కడే జరిగేది. "పారబోశానండీ" అనేవారు, నిజంగానే పారబోసేవారు, రుద్దేవారు కాదు. ఫ్రిజ్ వెనక కింద ఒక చిన్న ట్రే ఉంటుంది, లోపల కరిగిన నీళ్ళు అందులో చేరతాయి. ఎంతమందికి తెలుసు? పది చేతులు కూడా లేవలేదు. ఇంటికెళ్ళి చూడండి.

రెండోది ట్యాంకు. తమ్ముడూ, నీ కోసమే చెబుతున్నాను. ఆరు నెలలకోసారి, మరీ కుదరకపోతే ఏడాదికోసారైనా తప్పకుండా. అడుగున మడ్డి తీసి, గోడలు రుద్ది, కడిగి, నింపాక బ్లీచింగ్ కలపాలి. మామూలుగా 1000 లీటర్ల నీళ్ళకి మంచి బ్లీచింగ్ పౌడరు 2.5 గ్రాములు, పొడిగా వేయకూడదు, బకెట్లో కలిపి, తెల్ల సుద్ద కిందికి దిగాక పైన తేరిన నీళ్ళు మాత్రం పోయాలి, గంటసేపు ఆగి వాడుకోవాలి. మంచి పౌడరు అని ఎందుకన్నానంటే, మన గాలిలో చెమ్మకి మూత తీసి ఉంచిన బ్లీచింగ్ బలం పోతుంది. పోయినేడు వరదలప్పుడు పంచిన సంచి అటక మీద ఉందండీ అంటే, అది సున్నంతో సమానం.

వరద అన్నాను కాబట్టి. 1986 ఆగస్టు వరద చూసినవాళ్ళు ఈ హాల్లో ఉన్నారు, 2022 జూలై వరద అందరం చూశాం. లంకలవాళ్ళని ఎవరినైనా అడగండి, ఇల్లు కడగడం గురించి వాళ్ళకి తెలిసినంత ఎవరికీ తెలియదు. నీళ్ళు తీస్తుండగానే, ఆ వరద నీళ్ళతోనే ఒండ్రు తోసెయ్యాలి. ఒక్క రోజు ఆలస్యమైతే అది ఆరి గచ్చుకి పట్టేస్తుంది, పార పెట్టి చెక్కాలి. ఇంట్లో మూడు రోజులు తిండి లేని మనుషులు, ముందు చీపురు పట్టి బురద తోస్తారు. నేను వాళ్ళతోపాటు మోకాలి లోతు బురదలో నిలబడ్డాను. ఆ పనికి "ఎన్నాళ్ళకోసారి" అన్న లెక్క గోదావరి తల్లి చేతిలో ఉంది. ఆ కుటుంబాల్ని ఏ సర్వేవాళ్ళు అడిగినా, ఆ వారం పని ఏ గడిలో రాస్తారో నాకు తెలియదు.

బ్లీచింగ్ దగ్గర ఒక జాగ్రత్త. మా వీధిలోనే జరిగింది. ఒకావిడ బాత్రూము తెల్లగా రావాలని ముందు బ్లీచింగ్ చల్లి, దాని మీదే టాయిలెట్ కడిగే యాసిడ్ పోసింది. రెండూ కలిస్తే ఇంకా బాగా పోతుంది అనుకుంది పాపం. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుందండి. తలుపు వేసుకుని ఉంది, ఊపిరాడక దగ్గుతూ బయటికొచ్చి అరుగు మీద పడిపోయింది. బతికింది. కొన్ని నిమిషాలు ఆలస్యమైతే చెప్పలేం. ఏదో ఒకటే వాడండి, అదీ కిటికీ తీసి. ఎక్కువ రోజులు కడగకుండా వదిలేసి, ఒక్కరోజు రోషంతో అన్నీ కలిపి కడిగేస్తే వచ్చే ప్రమాదం ఇది.

బాత్రూముకి నిజంగా కావలసింది తెలుపు కాదు. పాకుడు లేకపోవడం. వానాకాలంలో మన దొడ్లో, బాత్రూములో రెండు మూడు రోజులకే పాకుడు పడుతుంది. తుంటి ఎముక విరిగిన పెద్దవాళ్ళని నేను ఎంతమందినో చూశాను, అందులో చాలామంది పడింది అక్కడే. ఇంట్లో అరవై దాటినవాళ్ళుంటే హాలు రెండు రోజులు తుడవకపోయినా ఫర్వాలేదు, ఆ నాలుగు అడుగుల గచ్చు మాత్రం గట్టి చీపురుతో రుద్దండి.

వంటింట్లో గుడ్డ. గట్టు తుడిచే గుడ్డ, అదే గుడ్డతో గిన్నె, అదే గుడ్డతో చెయ్యి. తడిగా మడిచి పెడితే రాత్రికి రాత్రి సూక్ష్మజీవులు పెరుగుతాయి. రోజూ ఉడికించి ఎండలో ఆరేయాలి, లేదా రెండు గుడ్డలు పెట్టుకుని మార్చుకోవాలి. మనకి ఎండ ఉచితం కదా. దుప్పట్లు, దిళ్ళ గలీబులు వారానికోసారి అంటారు, కుదిరితే మంచిదే, ఇంట్లో ఆయాసం ఉన్న పిల్లలుంటే మాత్రం తప్పనిసరి, మన గాలిలో తేమకి పరుపుల్లో కంటికి కనపడని పురుగులు బాగా పెరుగుతాయి, వాటి మలం పీల్చే పిల్లలకి ఆయాసం ఎక్కువవుతుంది.

సెప్టిక్ ట్యాంకు సంగతి రెండు మాటల్లో. రెండు మూడేళ్ళకోసారి తీయించాలి. మన ఊళ్ళో చాలామంది ఇల్లు కట్టాక ఒక్కసారీ తీయించలేదు, పొంగినప్పుడు చూద్దాం అంటారు. మన దగ్గర నేలలో నీళ్ళు పైపైనే ఉంటాయి, పక్కనే బోరు ఉంటుంది, ఆ రెండిటికీ మధ్య ఎంత దూరం ఉందో మీరే ఆలోచించండి. తీయించినప్పుడు మనిషిని అందులోకి దింపకండి. 2013లో చట్టం వచ్చింది, రక్షణ సామాను లేకుండా మనిషిని దింపడం నేరం. మెషీను లారీని పిలవండి. లోపలికి దిగి విషవాయువుతో పోయినవాళ్ళు, వాళ్ళ పిల్లలు, వాళ్ళు కూడా ఎవరో ఒకరి ఇంట్లోవాళ్ళే కదా.

ఇక మిగతావి. బూజులు, కిటికీ ఊచలు, ఫ్యాను రెక్కలు, బీరువా పైన దుమ్ము, షోకేసులో బొమ్మలు, స్టీలు డబ్బాల మెరుపు. ఇవి పండగకి చేస్తే చాలు. ఈ పండక్కి కుదరకపోతే వచ్చే పండక్కి. వాటివల్ల ఎవరికీ జ్వరం రాలేదు. నాలుగిళ్ళల్లో అంట్లు తోమి వచ్చే అక్క తన ఇంట్లో బూజు దులపలేదంటే ఆవిడకి ఓపిక లేదని అర్థం, శుభ్రత లేదని కాదు. ఆవిడ శుభ్రమంతా మన ఇళ్ళల్లో ఉంది.

నేను ఇంట్లో చేసే పద్ధతి ఒకటి చెప్పి ముగిస్తాను. ఫ్రిజ్ తలుపు లోపలి వైపు చిన్న ప్లాస్టరు ముక్క అంటించి దాని మీద కడిగిన తారీఖు రాస్తాను. ట్యాంకు మూత మీద మార్కరుతో రాస్తారు మా ఆయన. తొట్టికి గోడ మీద బొగ్గుతో గీత. ఇంట్లో అందరికీ కనపడుతుంది, కాబట్టి ఒక్కదాన్నే గుర్తుపెట్టుకోవాల్సిన పని తప్పింది. ఎవరికి వీలైతే వాళ్ళు చేసి తారీఖు మారుస్తారు. ఇదివరకు నేను చెబితే తప్ప కదలని మా పెద్దాడు, మొన్న ఆ తారీఖు చూసి తనంతట తానే ఫ్రిజ్ కడిగాడు. రాసి ఉన్న తారీఖుతో వాదించలేం కదండీ.

ఏదైనా అడగాలంటే అడగండి.

పెద్దమ్మా, మీరు చెప్పండి, మైకు అక్కర్లేదు, నేను అందరికీ చెబుతాను. మోకాళ్ళ నొప్పులు, స్టూలెక్కలేను, వరలక్ష్మీ వ్రతం దగ్గరికొచ్చింది, బూజులు దులపకుండా అమ్మవారిని ఎలా పెట్టుకోను, అంటున్నారు. పెద్దమ్మా, మీరు స్టూలు ఎక్కొద్దు. అమ్మవారిని పెట్టే గది ఒక్కటి చాలు, అది కూడా మీరు కాదు. మీ అబ్బాయి వచ్చాడా? ఆ మూలన కూర్చున్న ఆయనా. బాబూ, మీ ఇంట్లో బూజుకర్ర ఎక్కడుంటుందో తెలుసా? తెలుసంటున్నాడు. అయితే రేపు పొద్దున్న, ఎండెక్కకముందే. ముక్కుకి తువ్వాలు కట్టుకో నాన్నా, దుమ్ము పడుతుంది. అయ్యాక పెరట్లో తొట్టి కూడా ఒకసారి చూడు.